అయస్కాంతానికి అంటని సైకిల్

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ మగ్గు దగ్గర మొదలైంది. బాత్రూములో ఎన్నాళ్లనుంచో ఉన్న నీలం ప్లాస్టిక్ మగ్గు కనబడలేదు. దాని స్థానంలో ఒక స్టీలు చెంబు ఉంది. మా ఆయన దీర్ఘకాల సేవలకు మెచ్చి సంస్థవారు బహూకరించిన చెంబు అది. దాని మీద ఆయన పేరు, హోదా చెక్కి ఉంటాయి. ఒంటిమీద నీళ్లు పోసుకున్నప్పుడల్లా మొగుడి హోదా చదువుకోవలసిన అవసరం నాకు తోచలేదు.

"మగ్గేదండీ?" అన్నాను బయటికొచ్చి.

"తీసేశాను," అన్నారాయన పేపరు దించకుండా. "అది ప్లాస్టిక్."

"నిన్న కూడా ప్లాస్టిక్కే కదా."

"నిన్న ఆదేశాలు లేవు."

"మరి బకెట్టూ ప్లాస్టిక్కే. అదుంచారేం?"

"బకెట్టు రెండో దశలో వస్తుంది," అన్నారు.

మా ఆయన జోగారావు గారు గోస్తనీ ఉక్కు కర్మాగారంలో మెటీరియల్స్ విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజరు. ఎస్.కోట దాటాక కొండలు మొదలయ్యేచోట ఉంది మా కర్మాగారం. దాన్ని ఆనుకుని టౌన్‌షిప్. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తగారూ. ఆఫీసు ఆదేశాలు సాధారణంగా మా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవి. బాత్రూములోకి రావడం అదే మొదటిసారి.

దీనికంతటికీ కారణం ఒక కుర్చీ. ఉక్కు వారోత్సవాల ముగింపు సభలో మా సంస్థ అధిపతి విఠల్ ప్రసాద్ గారు ఉక్కు మన వెన్నెముక అన్న విషయం మీద గంటసేపు మాట్లాడి, చప్పట్ల మధ్య కూర్చున్నారు. షామియానావాడు తెచ్చిన తెల్ల ప్లాస్టిక్ కుర్చీ అది. దాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు మెల్లగా, మర్యాదగా విడిపోయాయి. ఆయనకు దెబ్బలేమీ తగల్లేదు. విచారణ మాత్రం జరిగింది. కూర్చున్నవారి బరువు విచారణ పరిధిలోకి రాదని ముందే తేల్చారు. ఉక్కు తయారుచేసే చోట ఉక్కు కాని కుర్చీ ఎలా వచ్చిందన్నదే ప్రశ్న అయింది. దాంతో స్వలోహ నిష్ఠా కమిటీ పుట్టింది. అధిపతి గారు అధ్యక్షులు, మా ఆయన కన్వీనరు.

కమిటీ తొలి ఆదేశాన్ని మా ఆయన మా అత్తగారికి చదివి వినిపించారు. "సంస్థ ఆవరణమునందును, నివాస గృహములయందును, సంస్థ ఉత్పత్తికి ప్రత్యామ్నాయముగా భావింపదగిన పదార్థములతో తయారైన వస్తువుల ప్రవేశము, నిలువ, వినియోగము దశలవారీగా నిరుత్సాహపరచబడును."

అత్తగారు శ్రద్ధగా విని, "ఆ నిరుత్సాహం ఎవులికిరా?" అని అడిగారు. మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇదే సమయంలో నేను సైకిలు కొనే పనిలో ఉన్నాను.

టౌన్‌షిప్ బడిలో పి.టి. టీచరు సుగుణ ఆదివారాలు ఆడవాళ్లను కూడగట్టి సైకిళ్ల మీద తీసుకెళుతుంది. మొదట బొడ్డవర దాకా, తర్వాత విజయనగరం దాకా వెళ్లొచ్చాం. చదును దారిలో నా పాత స్టీలు సైకిలు ఫర్వాలేదు. వర్షాలు తగ్గాక అనంతగిరి ఘాటు ఎక్కాలని బయల్దేరినప్పుడే అసలు సంగతి తెలిసింది. కాశీపట్నం దాటాక రెండో మలుపులో నేను దిగిపోయాను. మిగతావాళ్లు పైకి వెళ్లారు. ఆ మలుపులో రోడ్డుపక్క దిమ్మ మీద కూర్చుని మా ఆయనకు ఫోను చేస్తే, జీపు వేసుకుని వచ్చారు. సైకిలు వెనక్కి ఎక్కించి, తలుపు వేస్తూ, "ఈ వయసులో నీకెందుకు చెప్పు ఇవన్నీ," అన్నారు. చాలా దయగా అన్నారు. ఆ దయే నాకు మింగుడు పడలేదు. అనంతగిరి పైన టీ తాగకుండా ఈ విషయం వదలకూడదని జీపులోనే నిర్ణయించుకున్నాను.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుంది. సుగుణతో విశాఖ వెళ్లాను. ఎత్తు ఎక్కాలంటే కార్బన్ నారతో చేసిన తేలిక చట్రం కావాలంది సుగుణ; ఆ కార్బన్ సైకిళ్లలోనూ చాలా రకాలున్నాయి. పందేలకు పనికొచ్చే వాటి మీద మనిషి ముందుకు వంగి, నేల మీద పడిన సూదిని వెతుకుతున్నట్టు కూర్చోవాలి. దూరాలు వెళ్లేవాళ్లకు అది నడుముకు శిక్ష. నాకు చేతిపట్టు కాస్త ఎత్తుగా ఉన్నది, గతుకుల్ని మింగే వెడల్పు టైర్లు పట్టేది, ఎత్తు ఎక్కడానికి వెనక పెద్ద పళ్లచక్రం ఉన్నది కావాలి. రంగు చివర చూస్తానన్నాను. చీరలైనా అంతే, నేత చూశాకే అంచు చూస్తాను. షాపాయన నా కాలి పొడవు కొలిచి, రెండు మార్చి, మూడోది ఎక్కించాడు. రోడ్డు చివర దాకా తొక్కి వచ్చి, దిగి, ఒంటి చేత్తో పైకెత్తాను. నిండు బిందె అనుకుని వట్టి బిందె ఎత్తినట్టు చెయ్యి గాల్లోకి లేచింది. ముదురాకుపచ్చ రంగు. అదే తీసుకున్నాను.

టౌన్‌షిప్ గేటు దగ్గర ఆపారు. కొత్త ఆదేశం ప్రకారం లోపలికి వచ్చే ప్రతి వస్తువునూ సెక్యూరిటీవాళ్లు అయస్కాంతంతో పరీక్షిస్తున్నారు. అంటుకుంటే మనది, అంటకపోతే పరాయిది. నా ముందున్న ఆయన తెచ్చిన తుప్పు డబ్బా టక్కున అంటుకుంది, సలాం కొట్టి పంపించారు. నా సైకిలు చట్రం మీద అయస్కాంతం ఎక్కడ పెట్టినా జారిపోయింది. పైగా సెక్యూరిటీ ఆఫీసరు గారి కాలి మీద పడింది. ఆ పడటాన్ని ఆయన సైకిలు ప్రవర్తన కింద రాసుకున్నారు. సైకిలును గేటు గదిలో పెట్టి తాళం వేశారు.

"మీ కమిటీ నా సైకిలును అరెస్టు చేసింది," అన్నాను ఇంటికొచ్చి.

"అరెస్టు కాదు హైమా, పరిశీలనలో ఉంచడం," అన్నారాయన.

రెండో దశ వారంలోనే వచ్చింది. ఇళ్ల తనిఖీ. మా ఇల్లు ఆదర్శంగా ఉండాలి కాబట్టి మొదట మా ఇంటికే వచ్చారు. ముగ్గురు ఆఫీసర్లు, ఒక అయస్కాంతం. ఎర్ర చీటీలు, ఆకుపచ్చ చీటీలు. మా ఆయన చీటీలు అందించే పని పెట్టుకున్నారు.

చపాతీ కర్రకు ఎర్ర చీటీ. కుక్కరుకు ఎర్ర చీటీ, అది అల్యూమినియం. చాటకు, గంపకు, చీపురుకు ఎర్ర చీటీలు. పరాయి పదార్థాలంటే అవే అని నేనూ ఊరుకున్నాను. ఆ తర్వాత వాళ్లు గర్వంగా స్టీలు గిన్నెల అలమార తెరిచారు. అయస్కాంతం ఒక్క గిన్నెకూ అంటలేదు. సాంబారు గిన్నె, మజ్జిగ గిన్నె, పళ్లేలు, గ్లాసులు, దేనికీ అంటలేదు. చివరికి సంస్థవాళ్లిచ్చిన చెంబుకు కూడా అంటలేదు.

"వంటింటి స్టీలు చాలా వరకు అయస్కాంతానికి అంటదండీ," అన్నాను. "అందులో నికెల్ కలుపుతారు. పిల్లలకు చెప్పే పాఠమే."

ఆఫీసర్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు సవరించుకుని, పరీక్షా సాధనము అధ్యక్షుల వారిచే ఆమోదింపబడినది కావున దాని ఫలితమును ప్రశ్నించు అధికారము క్షేత్రస్థాయి సిబ్బందికి లేదన్నారు. గిన్నెలన్నిటికీ ఎర్ర చీటీలు అంటించారు. అటక మీద అట్టపెట్టె వెనక దొరికిన విరిగిన ఎలకల బోనుకు ఆకుపచ్చ చీటీ దక్కింది. మా వంటింట్లో నిష్ఠ కలిగిన వస్తువు అదొక్కటే అని రాసుకున్నారు.

వెళ్లబోతూ అత్తగారి చేతికర్ర చూశారు. దానికి బదులుగా సంస్థ ఉత్పత్తి అయిన రాడ్డు ముక్క ఒకటి ఇస్తామన్నారు. అత్తగారు కర్ర ఒళ్లోకి తీసుకున్నారు.

"నాను రాడ్డట్టుకుని గుడికెళ్తే పూజారి తలుపేసుకుంటాడు బాబూ," అన్నారు. కర్ర మూడో దశకు వాయిదా పడింది.

సైకిలు కోసం నేను కమిటీ ముందుకు వెళ్లక తప్పలేదు. సుగుణ గుంపు వచ్చే ఆదివారం మళ్లీ అనంతగిరి వెళుతోంది. ఆ తర్వాత ఎండలు ముదిరితే ఘాటు సంగతి మళ్లీ వర్షాలు వెళ్లాకే.

పాలనా భవనంలో పొడుగు బల్ల. మధ్యలో విఠల్ ప్రసాద్ గారు, కొత్త ఇనప కుర్చీలో దిండు వేసుకుని కూర్చున్నారు. అటూ ఇటూ పర్సనెల్, అకౌంట్స్, సెక్యూరిటీ విభాగాల పెద్దలు. కొలిమి వైపు పనిచేసేవాళ్లెవరూ కమిటీలో లేరు, వాళ్లకు తీరిక ఉండదు. బల్ల చివర మా ఆయన. నన్ను చూసి కూడా చూడనట్టు కాగితాలు సర్దుకున్నారు.

"అర్జీదారు తమ పేరును, కమిటీ సభ్యులతో బంధుత్వమేమైనా ఉన్నచో దాని వివరమును తెలుపవలెను," అన్నారు మా ఆయన.

"హైమవతి. పొద్దున కన్వీనరు గారికి పెసరట్టు వేసింది నేనే."

ఆయన 'కలదు' అని రాసుకున్నారు.

అధిపతి గారు తండ్రిలా మాట్లాడారు. ఉక్కు కుటుంబపు ఆడపడుచు కార్బన్ మీద ఎక్కి ఊరేగడం చూస్తే కార్మికుల మనోబలం ఏమవుతుందో ఆలోచించమన్నారు. నేను ఆలోచించాను. తర్వాత ఒక మాట అడగవచ్చా అన్నాను.

"మన ఉక్కులో ఏముంటుందండీ?"

"ఇనుము," అన్నారు సెక్యూరిటీ పెద్ద వెంటనే.

"ఇంకా?"

సెక్యూరిటీ పెద్ద అకౌంట్స్ పెద్ద వైపు చూశారు. ఆయన ఫ్యాను వైపు చూశారు.

"కార్బన్ ఉంటుందండి," అన్నాను. "కొంచెమే. ఆ కొంచెం లేకపోతే అది ఉక్కు అవదు, వట్టి ఇనుమే. నా సైకిల్లోనూ ఉన్నది కార్బనే. కాకపోతే ఎక్కువ."

విఠల్ ప్రసాద్ గారు మెల్లగా కన్వీనరు వైపు తిరిగారు. "ఏమిటి జోగారావ్, మన ఉత్పత్తిలో ఆ పదార్థం మొదటినుంచీ ఉందా?"

"ఉన్నట్టే ఉందండి," అన్నారు మా ఆయన.

"దానికి అనుమతి ఎవరిచ్చారు?"

ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. కొలిమి దగ్గరికి ఫోను చేశారు. అవతల ఎవరో చాలాసేపు నవ్వి, తర్వాత గంభీరంగా, నూటికి రెండు పాళ్లకు మించదని చెప్పారు. కమిటీ ఊపిరి పీల్చుకుంది. పక్కగదిలో కూర్చుని వచ్చి తీర్మానం చదివారు. కార్బన్ పదార్థము ఉక్కు సాంగత్యమున నూటికి రెండు పాళ్లకు మించకుండా ఉన్నచో నిష్ఠాభంగము కలుగదు. కావున అర్జీదారు సైకిలును వినియోగించు సమయమున దానిలోని కార్బన్‌కు తగిన నిష్పత్తిలో సంస్థ ఉక్కు దాని వెంట కనుచూపు మేరలో ప్రయాణించవలెను.

నా సైకిల్లో కార్బన్ రెండు కిలోలు ఉంటుందేమో. దానికి వంద కిలోల ఉక్కు సరిపోతుంది. సుగుణ ఆ లెక్క చెబుతూ, ఆటో చాలు కదా అంది. అయితే మెటీరియల్స్ విభాగం లారీకి తక్కువ సరుకు గేటు దాటించదు. అది మా ఆయన పెట్టిన నిబంధనే. నా రెండు కిలోల వెనక ఒక నిండు లారీ రాడ్లు వస్తాయని అలా ఖాయమైంది.

ఆదివారం తెల్లవారగానే గేటు దగ్గర జెండా ఊపారు. కొత్త వాహనం కాబట్టి పూజ కూడా పెట్టించారు. చట్రానికి పసుపు రాశారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. సైకిలు వాటిని చితక్కొట్టలేదు, బరువు చాలక పక్కకు జారింది. సెక్యూరిటీ ఆఫీసరు గారు ఇది కూడా రాసుకున్నారు. లారీ చక్రాల కింద నిమ్మకాయలు బ్రహ్మాండంగా చితికాయి. అధిపతి గారు సంతోషించారు. పర్యవేక్షణాధికారిగా మా ఆయన లారీ ముందు సీట్లో కూర్చున్నారు.

ముందు సుగుణ, ఆ వెనక మరికొందరు ఆడవాళ్లు, వాళ్ల వెనక నేను, నా వెనక లారీ. బొడ్డవర సెంటర్లో జనం రోడ్డు మీదికి వచ్చి చూశారు. ఒకాయన ఎన్నికలొచ్చాయా అని అడిగాడు. కాశీపట్నం దాకా లారీ నా వెనకే గుర్రుగుర్రుమంటూ వచ్చింది. ఎత్తు మొదలైంది. మొదటి మలుపు తిరిగాం. రెండో మలుపులో, పోయినసారి నేను కూర్చున్న దిమ్మ ముందే, లారీ ఇంజను మీద పొగ లేచి ఆగిపోయింది.

మా ఆయన దిగి పరిగెత్తుకొచ్చారు. నేను ఒక కాలు నేల మీద ఆనించి ఆగాను. సుగుణావాళ్లు పై మలుపు తిరుగుతున్నారు.

"హైమా, ఆగు. ఇంజను చల్లారాలి. నిబంధన ప్రకారం ఉక్కు నీకు కనుచూపు మేరలో ఉండాలి."

"వెనక్కి తిరిగి చూస్తే కనబడుతుంది కదండీ."

"చూస్తావా మరి?"

"ఎక్కేటప్పుడు వెనక్కి చూడొద్దని సుగుణ చెప్పింది."

ఆయన ఆ దిమ్మ వైపు ఒకసారి చూశారు. జీపు తెచ్చిన రోజు ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. ఈసారి ఈ వయసులో అనలేదు. జేబులోంచి ఫోను తీసి, కమిటీకి కలుపుతూ, మాట్లాడటానికి నాకు వీపు పెట్టి లోయ వైపు తిరిగారు. సిగ్నలు కోసం తిరిగారో, నేను పోవడం చూడకుండా ఉండటానికి తిరిగారో నేను అడగలేదు. కాలు పెడలు మీద పెట్టాను.

అన్నిటికన్నా చిన్న గేరు. వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గొలుసు ఎక్కిన చప్పుడు మెల్లగా వినబడింది. కాళ్లు వేగంగా తిరుగుతున్నాయి, చక్రాలు నెమ్మదిగా. దమ్ము అందడం లేదు కానీ దిగాల్సిన పనీ లేదు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఒక మలుపులో కోతులు గోడ మీద వరసగా కూర్చుని నన్ను కమిటీ చూసినట్టే చూశాయి. తొడలు మండాయి, తర్వాత మండటం అలవాటైంది. పైన గాలి మారింది, చల్లబడింది. అనంతగిరి టీకొట్టు ముందు సుగుణ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటి, ఉక్కేది?" అంది.

"రెండో మలుపులో విశ్రాంతి తీసుకుంటోంది."

టీ తాగాను. చక్కెర ఎక్కువైంది. అంత మంచి టీ నేనెప్పుడూ తాగలేదు. ఎవరో ఫొటో తీశారు.

దిగి వచ్చేసరికి లారీ అక్కడే ఉంది. మా ఆయన నా దిమ్మ మీదే కూర్చుని ఉన్నారు.

"పైదాకా?" అన్నారు.

"పైదాకా."

ఆయన లేచి వచ్చి సైకిలు చట్రం పట్టుకుని పైకెత్తి చూశారు. దించి మళ్లీ ఎత్తారు. "దీనికి బరువే లేదే," అన్నారు తనలో తను.

ఆ సాయంత్రం ఆయన రాసిన నివేదిక నేను చదివాను. ఆరోహణ సమయమున ఉక్కు తన నిర్దేశిత స్థానమును నిలబెట్టుకొనలేకపోయినదనీ, సైకిలు మాత్రం మార్గము తప్పినట్టు గమనించబడలేదనీ రాశారు. ఉద్యోగంలో చేరాక ఆయన నా పక్షాన రాసిన మొదటి వాక్యం అది. కమిటీ దాన్ని యథాతథంగా ఆమోదించి, ఆ లారీలోని రాడ్లను సంజాయిషీ వచ్చేవరకు పక్కన పెట్టించింది.

కథ అక్కడితో అయిపోవలసింది. అయితే జిల్లా పేజీలో నా ఫొటో పడింది. కింద 'ఉక్కు మహిళ' అని వేశారు. విఠల్ ప్రసాద్ గారికి ఎవరెవరో ఫోన్లు చేసి అభినందించారట.

బుధవారం మధ్యాహ్నం మా ఆయన భోజనానికి ఇంటికి వచ్చారు. గుత్తివంకాయ కూర, పప్పు, చారు. ఆయన మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా, గొంతు సవరించుకున్నారు. అది ఆఫీసు గొంతు.

"కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. సంస్థ ప్రతిష్ఠను శిఖరాగ్రమునకు చేర్చిన సైకిలును పాలనా భవనం ముందు దిమ్మె మీద శాశ్వతంగా ప్రతిష్ఠించాలని. దిమ్మె కట్టడం కూడా అయిపోయింది. గాజు పెట్టె, చుట్టూ మన ఉక్కు కంచె. నిష్పత్తి సరిపోతుంది, బాసే స్వయంగా లెక్క చూశారు. సాయంత్రం తీసుకెళ్లడానికి మనుషులొస్తారు."

"మరి నేనెక్కడం?" అన్నాను.

"వ్యవస్థాపక దినం నాడు నువ్వు పూలమాల వెయ్యొచ్చు. అది రాయించాను." ఆ మాట అంటూ పళ్లెంలోకి చూశారు.

అత్తగారు పప్పు కలుపుతూ ఆగారు. "బతికున్న సైకిల్‌కి సమాధేటిరా?"

నేను ఆయనకు ఇంకో వంకాయ వేశాను.

"కమిటీ నిర్ణయం విన్నాం," అన్నాను. "ఇప్పుడు ఇంటి నిర్ణయం వినండి. కట్టిన దిమ్మె ఖాళీగా ఉండకూడదు కాబట్టి దాని మీద మీ చెంబు పెట్టించండి. మీ పేరుంది, హోదా ఉంది, సంస్థ ముద్ర ఉంది. చెంబు వెళ్లిపోతే బాత్రూములో చోటు ఖాళీ అవుతుంది, అక్కడికి నా మగ్గు రావాలి. సైకిలు వచ్చే ఆదివారం అరకు వెళుతోంది. నేను దాని మీదే ఉంటాను."

ఆయన వంకాయను పళ్లెంలో అటూ ఇటూ జరిపారు. అభ్యంతరం కోసం వెతుకుతున్నారని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"చెంబుకు అయస్కాంతం అంటదు కదా హైమా."

"గాజు పెట్టెలో పెడతారు కదండీ. అయస్కాంతం ఎక్కడ తగులుతుంది?"

అది ఆయనకు నచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మగ్గు బీరువా పైన సూట్‌కేసు వెనక ఉందని ఒప్పుకున్నారు. తర్వాత కాస్త భయంగా, "అరకుకు లారీ ఏర్పాటు చెయ్యమంటావా?" అని అడిగారు.

"అక్కర్లేదు," అని మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపాను. దాని మీద ఎర్ర చీటీ ఇంకా అలాగే ఉంది.